తాళం చెవి ఉన్నవాడే మొదటి పేషెంట్

మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. మొన్న ఒక బొమ్మ వేసి తెచ్చి నా ల్యాప్‌టాప్ మీద పెట్టింది. కాగితం నిండా గ్రహాలు, వాటి మీద బోర్లించిన గిన్నెల్లా గాజు గోపురాలు, మధ్యలో ఎర్ర ప్లస్ గుర్తుతో ఒక రాకెట్. "అంతరిక్షంలో తిరిగే డాక్టరు నాన్నా. అన్ని కాలనీలకీ వెళ్లి మందులిస్తాడు" అంది. బాగుందన్నాను. అక్కడితో ఊరుకోవచ్చుగా! అంగారకుడికి వెళ్లడానికి ఎన్నాళ్లు పడుతుందో తెలుసా అని అడిగాను. ఏడెనిమిది నెలలని ఠక్కున చెప్పింది. మరి అక్కడ ఎవరికో కడుపునొప్పి వచ్చి ఈ డాక్టరుకి కబురు పెడితే? పెన్సిల్ చివర కాసేపు కొరికి, "వెళ్లేసరికి తగ్గిపోతుంది. లేదంటే చచ్చిపోతాడు" అంది, చీమ కుట్టినట్టయినా లేకుండా. రాకెట్‌ని మాత్రం చెరపలేదు.

ఆ చెరపకపోవడం గురించే ఈ పోస్టు. లెక్క తెలిసినవాళ్లు ఆ రాకెట్ దండగ అంటారు. నేనూ చాలాకాలం అదే అన్నాను. ఇప్పుడు అనలేకపోతున్నాను. అలాగని ప్రాణం పోయే వేళకు తలుపు తోసుకుని వచ్చే డాక్టరు మీద నాకేమీ నమ్మకం కుదరలేదు. నా కారణం వేరే.

ముందు ఆ లెక్కలు అయిపోగొడతాను. భూమి, అంగారకుడు ప్రయాణానికి అనువైన వరసలోకి 26 నెలలకోసారి వస్తాయి. అప్పుడు బయల్దేరితే ఆరు నుంచి తొమ్మిది నెలల్లో చేరొచ్చు. చేరాక వెనక్కి రావాలంటే మళ్లీ వరస కుదరాలి, దానికి దాదాపు ఏడాదిన్నర. చుట్టపుచూపుగా వెళ్లినవాడు కాపురం పెట్టక తప్పదన్నమాట. రేడియోలో మాట ఒకవైపు చేరడానికే దూరాన్ని బట్టి 3 నుంచి 22 నిమిషాలు. "ఇక్కడ నొక్కితే నొప్పిగా ఉందా?" అని భూమ్మీది డాక్టరు అడిగితే, "అబ్బా" అన్న జవాబు ఒక్కోసారి ముప్పావుగంటకు గానీ వినపడదు. రేడియేషన్ సంగతి ఇంకా ఘోరం. క్యూరియాసిటీ రోవర్‌ని మోసుకెళ్లిన నౌకలో దారి పొడవునా కొలిచిన లెక్క ప్రకారం, రానుపోను 360 రోజుల ప్రయాణానికే సుమారు 660 మిల్లీసీవర్ట్‌లు (ఒంటికి తగిలే రేడియేషన్‌ని కొలిచే యూనిట్). నాసా తన వ్యోమగామికి ఉద్యోగ జీవితం మొత్తానికీ పెట్టిన హద్దు 600. ఒక్క రౌండు కొట్టేసరికే డాక్టరు కోటా అయిపోయింది.

చంద్రుడైతే నయం. మూడు రోజుల దారి, మాటకు సెకను పైచిలుకు. అంగారకుడి మీదే నాలుగైదు కాలనీలు ఉంటే, ఒకదాన్నుంచి ఇంకోదానికి బండి కట్టుకుని తిరిగే డాక్టరు కూడా ఊహకు అందుతాడు. అయితే 2018లో వచ్చినట్టు గ్రహం మొత్తాన్ని కప్పేసే దుమ్ము తుపాను లేస్తే ఆ తిరుగుడూ బందే. ఆపర్చ్యూనిటీ రోవర్ ఆ తుపానులోనే శాశ్వతంగా మూగబోయింది.

ఎటు చూసినా, ప్రమాదం జరిగాక ఆ డాక్టరు అందుకోడు. గుండెపోటుకి అందుకోడు, పగిలిన అపెండిక్స్‌కి అందుకోడు, పురిటికి అందుకోడు. అందుకే అతన్ని రోగుల కోసం పంపకూడదంటాను. ఆ కాలనీలో మందుల పెట్టె తాళం చెవి ఎవరి దగ్గరుందో, ఆ మనిషి కోసం పంపాలి.

ఓడలో మందుల అలమార

నేను పదకొండేళ్లు సరుకు ఓడల మీద పనిచేశాను. సరుకు ఓడలో డాక్టరు ఉండడని చెబితే చాలామంది నమ్మరు. పాతికమంది లోపు సిబ్బంది, వారాల తరబడి సముద్రం, వైద్యం చూసేది మామూలుగా సెకండ్ మేట్ అనే ఓడ అధికారి. అది నేనే. నా అసలు పని మ్యాపులు, దిక్కులు, నావిగేషన్. వైద్యం అంటే కొద్దిరోజుల కోర్సు, ఒక లావుపాటి గైడు, తాళం వేసిన అలమార. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోనూ ఇంచుమించు ఇదే ఏర్పాటని తర్వాతెప్పుడో చదివి నవ్వుకున్నాను. క్రూలో ఒకరిని మెడికల్ ఆఫీసర్ అంటారు. ఆ మనిషి డాక్టరే కానక్కర్లేదు, కొన్ని పదుల గంటల ట్రైనింగ్ ఉంటే చాలు.

ఒకసారి రేవుకి నాలుగు రోజుల దూరంలో ఉండగా ఇంజన్ రూమ్ కుర్రాడికి కుడివైపు పొత్తికడుపులో నొప్పి మొదలైంది. శాటిలైట్ ఫోన్‌లో డాక్టరు దొరికాడు. "మెల్లగా లోపలికి నొక్కు. ఇప్పుడు చటుక్కున వదిలెయ్" అన్నాడు. వదలగానే కుర్రాడు మంచం పట్టీ పట్టుకుని మెలికలు తిరిగిపోయాడు. నొక్కినప్పటికంటే వదిలినప్పుడే నొప్పి ఎక్కువ. అటువైపు డాక్టరు రెండు సెకన్లు ఏమీ మాట్లాడలేదు, ఆ రెండు సెకన్లలో నాకు అది అపెండిక్స్ అని అర్థమైపోయింది. తిండి బంద్, సెలైన్, యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు, రెండు గంటలకోసారి జ్వరం చూసి రిజిస్టర్‌లో రాయడం. అంతకుముందు నేను సూది గుచ్చింది ట్రైనింగ్ బొమ్మకే.

కుర్రాడు బతికాడు. రేవులో ఆపరేషన్ అయ్యింది, ఇంటికెళ్లి కుట్లు చూపిస్తూ ఫొటో కూడా పంపాడు. అందరూ నా భుజం తట్టారు.

నేను మాత్రం నిద్ర పోవడం మానేశాను. సెకండ్ మేట్ డ్యూటీ పన్నెండు నుంచి నాలుగు, పగలూ రాత్రీ కూడా. తెల్లవారుజామున పడుకుని పదింటిదాకా నిద్రపోవాలి. నేను ఆరింటికి లేచి ఓడ హాస్పిటల్ గదికి వెళ్లి ఖాళీ మంచం చూసి వచ్చేవాణ్ణి. ఎనిమిదింటికి మళ్లీ. ఊరికే వెళ్లడం నాకే సిగ్గనిపించి, మందుల ఫ్రిజ్ టెంపరేచర్ చూసి రిజిస్టర్‌లో రాయడం మొదలుపెట్టాను. ఇక అది డ్యూటీ అయిపోయింది. ఎవరూ అడగలేదు. ఎవరడుగుతారు? ఓడలో ఒంట్లో బాగోకపోతే చెప్పుకోవాల్సింది నాకే కదా.

రెండు నెలల తర్వాత ఇంకో రేవులో ఒక పోర్ట్ డాక్టరు ఓడ ఎక్కాడు. వయసు మళ్లిన మనిషి, మెట్లెక్కి ఆయాసపడుతున్నాడు. టీకాల కాగితాలు చూడటానికి వచ్చి, పనిలో పనిగా ఎవరైనా కలవాలనుకుంటే రమ్మన్నాడు. నన్ను బయట ఉండమన్నాడు. మా చీఫ్ కుక్ లోపలికి వెళ్లి అరగంట దాకా రాలేదు. ఐదు నెలలుగా రోజూ నా ఎదురుగా కూర్చుని తినే మనిషి. అతనికి మలంలో రక్తం పడుతోందట, మూడు నెలలుగా. రేవులో దిగిపోయే రోజు తనే చెప్పాడు. నాకెందుకు చెప్పలేదని అడిగాను. "వంటవాణ్ణి కదా సెకండ్ సాబ్. చెబితే మర్నాటి నుంచి మీరు నా చేతి కూడు ఎలా తింటారు?" అన్నాడు.

అందరూ వెళ్లాక ఆ డాక్టరు నా రిజిస్టర్ తెరిచాడు. అపెండిక్స్ కేసు పేజీలన్నీ చదివాడు. ఒక చోట మోతాదు తప్పు రాశానని చూపించాడు. ఇచ్చింది మాత్రం సరిగ్గానే ఇచ్చానని ఆంపుల్స్ (ఇంజెక్షన్ మందు సీసాలు) లెక్కపెట్టి తేల్చాడు. ఆ తర్వాత పేజీలు తిప్పుతూ ఆగాడు. "పొద్దున ఆరింటికీ ఎనిమిదింటికీ ఫ్రిజ్ టెంపరేచర్ రాసేది ఎవరు?" నేనే అన్నాను. "సెకండ్ మేట్ నిద్రపోయే టైమ్ కదా అది" అన్నాడు. నాకు వెంటనే జవాబు రాలేదు.

పెద్ద వైద్యమేమీ చేయలేదాయన. మందు రాయలేదు. నలభై నిమిషాలు కూర్చోబెట్టి ఆ నాలుగు రోజులూ నా చేత చెప్పించుకున్నాడు, మధ్యలో "అక్కడ నువ్వు చేసింది కరెక్టే", "అక్కడ ఇంకో గంట ముందు ఫోన్ చేయాల్సింది" అంటూ. ఆ రెండో మాటే నాకు ఎక్కువ మేలు చేసింది. ఊరికే బాగా చేశావు అని అప్పటికి పాతికమంది అన్నారు, ఒక్కరి మాటా నాకు ఎక్కలేదు.

ఒకే ఒక్క డాక్టరు

కాలనీలో డాక్టరు నాలా అరకొర కోర్సు చేసినవాడు కాడు, అసలైన డాక్టరే ఉంటాడు కదా అనొచ్చు. ఉంటాడనే అనుకుందాం. అప్పుడు ఇబ్బంది తగ్గుతుందా?

1961 ఏప్రిల్ చివర్లో అంటార్కిటికాలోని నొవొలజారెవ్‌స్కయా స్టేషన్‌లో లియొనిద్ రోగొజోవ్ అనే 27 ఏళ్ల డాక్టరుకి అపెండిసైటిస్ వచ్చింది. స్టేషన్‌లో 13 మంది, డాక్టరు అతనొక్కడే. తన కడుపు తనే కోసుకున్నాడు. వాతావరణ నిపుణుడొకరు పరికరాలు అందిస్తే, మెకానిక్ ఒకరు అద్దం పట్టుకున్నాడు. అద్దంలో అంతా తిరగబడి కనిపిస్తుంటే చాలావరకు చేతి స్పర్శతోనే పని కానిచ్చాడు. నాలుగైదు నిమిషాలకోసారి ఆగి ఊపిరి తీసుకుంటూ, మొత్తం గంటా నలభై ఐదు నిమిషాలు. ఈ కథ చెప్పేవాళ్లంతా ధైర్యం దగ్గర ఆగిపోతారు. నా కన్ను ఇంకోచోట పడుతుంది. కత్తి పట్టుకునే ముందు, తను స్పృహ తప్పితే ఏ ఇంజెక్షన్ ఎలా ఇవ్వాలో ఆ ఇద్దరికీ నేర్పాడు. అప్పటిదాకా ఆ స్టేషన్‌లో అది తెలిసిన రెండో మనిషి లేడు.

1999లో దక్షిణ ధ్రువంలోని అమెరికా స్టేషన్ డాక్టరు జెర్రీ నీల్సన్‌కి తన రొమ్ములో గడ్డ తగిలింది. చలికాలం, విమానం దిగే వీల్లేదు. జూలైలో విమానం పైనుంచి మందులూ సామగ్రీ జారవిడిచి వెళ్లిపోయింది. వైద్యం తెలియని తోటి ఉద్యోగుల సాయంతో తన బయాప్సీ తనే చేసుకుని, కీమో తనకు తనే మొదలుపెట్టుకుని, అక్టోబర్‌లో విమానం దిగేదాకా స్టేషన్ డాక్టరుగా కొనసాగింది. ఆస్ట్రేలియా తన అంటార్కిటిక్ స్థావరాల్లో చలికాలం ఉండబోయే డాక్టరుకి ముందే అపెండిక్స్ తీసేయిస్తుంది. మిగతావాళ్లకి ఆ నియమం లేదు, ఒక్క డాక్టరుకే. అక్కడ మొదట కాపాడుకోవాల్సిన పేషెంట్ ఎవరో ఆ నియమం రాసినవాళ్లకు బాగా తెలుసు.

జబ్బుల సంగతి అలా ఉంచండి. చేతి అలవాటు మాటేమిటి? అపెండిసైటిస్ సుమారుగా ఏడాదికి వెయ్యిమందిలో ఒకరికి వస్తుంది. యాభైమంది కాలనీలో ఇరవై ఏళ్లకు ఒకటి. పిత్తాశయం, విరిగిన తుంటి, అడ్డం తిరిగిన బిడ్డ, ఒక్కోటీ ఇలాగే ఎప్పుడో ఒకసారి. ఎంత గొప్ప సర్జన్‌ని పంపినా, కేసు వచ్చేనాటికి ఆమె ఆఖరిసారి కత్తి పట్టి పదేళ్లయి ఉంటుంది. ఆ సంగతి ఆమెకు తెలుసు, మిగతా నలభై తొమ్మిదిమందికి తెలియదు. రాత్రిళ్లు ఒక్కర్తే మోసే బరువు అది. ఓడలో ఆ అపెండిక్స్ నేను కోయలేదు, సూది మాత్రమే గుచ్చాను, అయినా రెండు నెలలు నిద్ర లేదు.

అందుకని ఆ వచ్చే డాక్టరు సంచిలో మందుల కన్నా ముందు ఉండాల్సినవి వేరే. ప్రాక్టీసు బొమ్మలు. భూమ్మీద మారిన పద్ధతులు. స్థానిక డాక్టరు రాసుకున్న కేసులన్నీ పక్కన కూర్చుని చదివే తీరిక. అవసరం లేకపోయినా కలిసి చేసే రెండు చిన్న ఆపరేషన్లు, పుట్టుమచ్చ తీసేయడం లాంటివైనా సరే. మందులు సరుకు నౌకలో వెళ్తాయి. వెళ్తూనే ఉండాలి కూడా. అంతరిక్ష కేంద్రం మందుల జాబితాను చూసి 2024లో వచ్చిన ఒక అధ్యయనం, అందులో సగానికి పైగా మూడేళ్ల అంగారక యాత్ర పూర్తయ్యేలోపే కాలం చెల్లుతాయని తేల్చింది.

నిజంగా వెళ్లిన డాక్టరు

ఇదంతా ఊహే అనుకోకండి. 1988 ఆగస్టు చివర్లో సోవియట్ డాక్టరు వలేరీ పొల్యకోవ్ మీర్ అంతరిక్ష స్టేషన్‌కి వెళ్లాడు. అప్పటికి వ్లదీమిర్ తితోవ్, మూసా మనారోవ్ అక్కడ ఎనిమిది నెలలుగా ఉన్నారు. పూర్తిగా ఏడాది ఉండాలన్నది ప్లాన్. వాళ్లకు జబ్బేమీ చేయలేదు, ఎవరూ కబురు పెట్టలేదు. ఆ చివరి నెలల్లో వాళ్ల ఒంట్లో ఏం జరుగుతోందో పక్కనుండి చూడటానికే ఆయన్ని పంపారు. నాకు తెలిసి, కాలనీ డాక్టరు అన్న ఊహకు చరిత్రలో అన్నిటికంటే దగ్గరగా వచ్చిన ప్రయాణం ఇదే.

దీని పక్కన 1985 నాటి సల్యూత్-7 అనే సోవియట్ అంతరిక్ష స్టేషన్ సంగతి పెట్టి చూడండి. కమాండర్ వ్లదీమిర్ వస్యూతిన్‌కి జ్వరం, ఇన్ఫెక్షన్. ఆరు నెలలు ఉండాల్సినవాడు 65 రోజులకే, మిగతా ఇద్దరితో కలిసి కిందికి దిగిపోయాడు. భూమి దగ్గర్లో ఉంటే అదొక సుఖం. డాక్టరు వెళ్లక్కర్లేదు, రోగే వచ్చేస్తాడు. అంగారకుడి మీద ఆ సుఖం ఉండదు కాబట్టి 1985 పద్ధతి చెల్లదు, 1988 పద్ధతే చెల్లుతుంది. జబ్బు చేయకముందే వెళ్లాలి. "మేం బాగానే ఉన్నాం" అనేవాళ్ల దగ్గరికే వెళ్లాలి.

ఎందుకంటే ఆ మాట అంత తేలిగ్గా నమ్మదగ్గది కాదు. పైలట్లలో పాత జోక్ ఒకటుంది. డాక్టరు గదిలోకి మంచిగా వెళ్లిన పైలట్ అయితే వెళ్లినట్టే బయటికి వస్తాడు, లేదా ఉద్యోగం పోగొట్టుకుని వస్తాడు. లాభం వచ్చే దారి లేదు. కాలనీలో బయటికెళ్లి పనిచేయడానికి ఫిట్టా కాదా అని సంతకం పెట్టేది స్థానిక డాక్టరే. పొద్దున సంతకం, రాత్రి అదే బల్ల దగ్గర భోజనం. మా కుక్ నాకు చెప్పనిది పోర్ట్ డాక్టరుకి చెప్పడానికి ఆయన డిగ్రీ కారణం కాదు. సాయంత్రానికి ఆయన దిగి వెళ్లిపోతాడు, అదీ కారణం.

అయినా కొన్ని సందేహాలు

వచ్చేవాడు ఊరికే రాడు, జలుబు కూడా తెస్తాడు. స్కాట్లండ్ పక్కన సెంట్ కిల్డా దీవిలో, బయటి పడవ వచ్చిన ప్రతిసారీ జనమంతా దగ్గులో పడేవారని 17వ శతాబ్దం చివర్లోనే రాశారు. అట్లాంటిక్ మధ్యలోని ట్రిస్టన్ డ కున్యాలోనూ ఓడ రాగానే జలుబులు వ్యాపించడాన్ని 20వ శతాబ్దంలో డాక్టర్లు లెక్క రాసి మరీ చూపించారు. ఆరు నెలల ప్రయాణమే క్వారంటైన్ కదా అనుకున్నాను మొదట. కానీ ఒంట్లో ఎప్పటినుంచో నిద్రపోతున్న హెర్పిస్ జాతి వైరస్‌లు అంతరిక్షంలో లేచి కూర్చుంటాయట. పరీక్షించిన వ్యోమగాముల్లో సగానికి పైగా లాలాజలంలోనో మూత్రంలోనో అవి కనిపించాయి. చికెన్‌పాక్స్ వైరస్ కూడా ఆ జాతిదే. గోపురం కింద పుట్టి బయటి మనిషినే ఎరగని పసిపాప దగ్గరికి ముందుగా వచ్చే కొత్త మొహం ఈ డాక్టరుదే అయితే? టీకాలున్నాయి, నిజమే. అయినా ఈ ఒక్క విషయంలో నా వాదన మీద నాకే ధైర్యం చాలదు.

మనిషి ఎందుకు, స్క్రీన్ చాలదా అనేది రెండో మాట. 2020 జనవరిలో వైద్య పత్రికలో వచ్చిన కేసు ఇక్కడ చెప్పుకోవాలి. అంతరిక్ష కేంద్రంలో ఒక వ్యోమగామికి మెడలోని రక్తనాళంలో రక్తం గడ్డకట్టింది. బాధేమీ లేదు, వేరే పరిశోధన కోసం స్కాన్ చేస్తుంటే బయటపడింది. కిందనుంచి డాక్టర్లు చెబుతుంటే పైన మందు ఇంజెక్షన్లు మొదలయ్యాయి. బరువులేని చోట సీసాలోంచి మందు సిరంజిలోకి తీయడమే ఒక సర్కస్. ఉన్న మందు సరిపోదని మోతాదు తగ్గించి సాగదీశారు, ఈలోగా సరుకు నౌకలో మాత్రలు వచ్చాయి. ఒక్క డాక్టరూ పైకి వెళ్లకుండానే మూడు నెలల వైద్యం చక్కగా జరిగింది. ఒప్పుకుంటాను. దీనికన్నా పాత ఉదాహరణ కూడా ఉంది. ఆస్ట్రేలియాలో 1928లో ఫ్లయింగ్ డాక్టర్ సేవ మొదలైంది, 1942 నుంచి అక్కడి మారుమూల ఇళ్లకు నంబర్లు వేసిన మందుల పెట్టెలు ఇచ్చారు. డాక్టరు రేడియోలో ఫలానా నంబరు సీసా తీయమంటే చాలు, మందు పేరు పలకడం రాకపోయినా పర్లేదు. అంత తెలివైన ఏర్పాటు చేసినవాళ్లు కూడా విమానాన్ని ఆపలేదు, డాక్టరుని పంపుతూనే ఉన్నారు.

స్క్రీన్‌కి నా రిజిస్టర్ పంపి ఉంటే ఆరు, ఎనిమిది గంటల టెంపరేచర్లు చూసి "రీడింగ్‌లు నార్మల్" అనేది. తప్పేం లేదు, ఫ్రిజ్ నిజంగానే నార్మల్. రేపటి ఏఐ ఇంతకన్నా తెలివిగా పట్టేస్తుందని ఒక మిత్రుడు వాదించాడు. పట్టేస్తుందేమో. అయితే పట్టింది ఎక్కడికి పంపుతుందో తెలియని యంత్రం ముందు నేనైతే నోరు విప్పను. కుక్ అసలే విప్పడు.

మూడో సందేహం నన్ను ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. ఆ పోర్ట్ డాక్టరు వెళ్లాక నెల రోజులపాటు ఓడలో నా మాటకు విలువ తగ్గింది. తలనొప్పి మాత్ర ఇస్తే, "అసలు డాక్టరైతే ఇదే ఇచ్చేవాడా సాబ్?" అని నవ్వేవారు. కాలనీలో ఇది నవ్వులాట కాదు. వచ్చిపోయే పెద్ద డాక్టరు కోసం జనం జబ్బులు దాచిపెట్టుకుని కూర్చుంటే, ఉన్న డాక్టరు ఉత్సవ విగ్రహం అయిపోతాడు. దీనికి విరుగుడు, ఇద్దరూ కలిసి రోగుల్ని చూడటమే అనుకునేవాణ్ణి. కానీ నేను ఆ గదిలో ఉంటే కుక్ నోరు తెరిచేవాడు కాదు. రెండూ నిజమే. ఈ ముడి ఎలా విప్పాలో నాకింకా తెలియలేదు. సగం రోజు కలిసి, సగం రోజు విడిగా అని పైపైన చెప్పొచ్చుగానీ, ఆ విడి సగంలో ఏం మాట్లాడుకున్నారోనని స్థానిక డాక్టరు కారిడార్‌లో నిలబడి ఉంటుంది. నేను నిలబడ్డాను కాబట్టి తెలుసు.

మళ్లీ సెంట్ కిల్డా దగ్గరికే వస్తాను. 19వ శతాబ్దంలో అక్కడ పుట్టిన పసిపిల్లలు వారం పదిరోజుల్లోనే ధనుర్వాతంతో పోయేవారు. ఆ చావుల్ని ఆపింది వచ్చిపోయే డాక్టరు కాదు. దీవిలోనే ఉండే చర్చి మతగురువు ఆంగస్ ఫిడెస్, గ్లాస్గో వెళ్లి కాన్పు సమయంలో శుభ్రత పద్ధతులు నేర్చుకుని వచ్చి, 1890ల్లో వాటిని అమలు చేశాడు. చావులు ఆగాయి. ఇది నా వాదనకు అడ్డుతగిలే కథ అని ఒకరంటారు. నాకైతే అలా అనిపించదు. ఫిడెస్ పడవెక్కి నేర్చుకోవడానికి వెళ్లగలిగాడు. అంగారకుడి మీదున్న ఫిడెస్ గ్లాస్గో వెళ్లలేడు కాబట్టి గ్లాస్గోనే అతని దగ్గరికి వెళ్లాలి.

సంతకం పెట్టే అధికారం

ఇక మిగిలింది అధికారం. ఆ వచ్చే డాక్టరుకి స్థానిక డాక్టరుని "నువ్వు కొన్నాళ్లు పక్కకు తప్పుకో" అనే హక్కు ఉండాలా? ఉండాలనే అంటాను. లేకపోతే ఆ రాక ఒట్టి పలకరింపు. కానీ ఆ హక్కు ఉందని తెలిస్తే, ఇందాకటి పైలట్ జోక్ ఈసారి డాక్టరుకే వర్తిస్తుంది. ఆమె కూడా "నేను బాగానే ఉన్నాను" అంటుంది. పైగా తప్పిస్తే ఆ కుర్చీలో కూర్చునేదెవరు? వచ్చినవాడే. గ్రహాలు వరస కుదిరేదాకా ఏడాదిన్నర అతనే కాలనీ డాక్టరు. అప్పుడు పక్క కాలనీకి వెళ్లేదెవరు?

ఆ రోజు పోర్ట్ డాక్టరు బ్యాగు సర్దుకుంటూ, కంపెనీకి ఒక్క లైను రాస్తే నన్ను ఈ రేవులోనే దింపి ఇంటికి పంపిస్తారని చెప్పాడు. రాయమంటావా అని అడిగాడు. నన్నే అడిగాడు! వద్దన్నాను. ఇంకో రెండు నెలల్లో కాంట్రాక్ట్ అయిపోతుంది, కొత్తవాడు వచ్చి అలమారలో ఏది ఎక్కడుందో వెతుక్కునేలోపు ఇంకెవరికైనా ఏమైనా అయితే, అని ఏదో చెప్పాను. ఆయన నా మొహం వైపు కాసేపు చూసి పెన్ను జేబులో పెట్టేసుకున్నాడు. గ్యాంగ్‌వే (ఓడ దిగే మెట్లు) దాకా సాగనంపాను. దిగేటప్పుడు కూడా ఆయాసపడుతున్నాడు, రెండుచోట్ల ఆగాడు.

రాసి ఉండాల్సిందా? కుక్ విషయంలో ఆయన అడగలేదు, పరీక్షలకు పంపాలని నేరుగా రాసేశాడు. నా విషయంలో మాత్రం ఎందుకు అడిగాడో ఇప్పటికీ తేల్చుకోలేను. నిద్రయితే వచ్చింది, ఫ్రిజ్ దగ్గరికి వెళ్లడం మానేశాను. ఆ నెలలో రెండుసార్లు అలమార తాళం చెవి కనపడక క్యాబిన్ అంతా తలకిందులు చేశాను. రెండుసార్లూ అది నా చొక్కా జేబులోనే ఉంది.